కేజీ రాయి

గోపాల్‌పూర్,
16 జూన్ 2025.

చిరంజీవి గాయత్రికి,

మీ అమ్మ కాసమ్మ దీవించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమమని మొదలుపెట్టడం మర్యాద. కానీ నువ్వు చేసిన పనికి క్షేమం మన గడప దాటి మూడు రోజులైంది. మాట్లాడదామంటే నా ఫోన్‌ని మీ నాన్న గోడకేసి కొట్టాడు. అందుకే చేపల గంపతో ఇచ్ఛాపురం వస్తున్న జగ్గమ్మ చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. పెద్దమ్మ ఇంట్లో వేళకి తింటున్నావా?

ప్లస్‌టూలో నీకు సైన్స్ రాలేదు, ఆర్ట్స్ వచ్చింది. చేపల చదువు చదవాలంటే సైన్సే ఉండాలని ఎనిమిదో తరగతి నుంచి నా చెవిలో పోరుతూనే ఉన్నావు. నీకు కోపం రావడం న్యాయమే. కానీ నా గంపలోని, చేపలు తూచే కేజీ రాయి పట్టుకుని గేట్ బజార్ దాకా వెళ్తావా? నీ వెనకే నేనూ వచ్చాను, అంతా చూశాను. నీ దరఖాస్తు పెట్టిన శ్యామసుందర్ తన ఇంటర్నెట్ కొట్టులో తలెత్తి పలకరించేలోపే మొదటి దెబ్బ అతని కుడిచేతి మీద పడింది. రెండు వేళ్ళు విరిగిన చప్పుడు నాకు వినపడింది. రెండో దెబ్బకి కనుబొమ్మ చిట్లింది. కుర్చీల మధ్య పడ్డవాణ్ణి డొక్కలో తన్నావు. నా సీటు ఎవుడికి అమ్మీసినావురా సెప్పు అని అడుగుతూ తన్నావు. అతను నెత్తురు కారే కంటితో నీ వైపు కాక నా వైపు చూశాడు. నేను నిన్ను ఆపలేదు.

ఆ సాయంత్రమే అతని అన్న ఈశ్వర్ నలుగుర్ని వెంటేసుకుని ఒడ్డుకొచ్చాడు. మన వలలన్నీ కత్తులతో చీల్చేశారు. అడ్డం వెళ్ళిన మీ నాన్నని తెడ్డుతో కొడితే భుజం ఎముక విరిగింది. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు, ఏ పాపం తెలియని మనిషికి ఆ దెబ్బ. వాళ్ళు పోయాక కొట్టడానికి ఇంకెవరూ దొరక్క మీ నాన్న నా ఫోన్ పగలగొట్టాడు. అయినా నిన్న పక్కవాళ్ళు వల లాగుతుంటే కట్టు భుజంతోనే వెళ్ళి నిలబడ్డాడు. మొదట పడ్డ చేపని గంగమ్మకి వదిలేదాకా ఎవర్నీ గంప ముట్టుకోనివ్వలేదు. ఆ ఆచారం తప్పితే ఆయనకి అన్నం సహించదు.

గురువారం వచ్చి వాడి రెండో సెయ్యి కూడా ఇరగ్గొడతాను అని జగ్గమ్మతో అన్నావట. తల్లి చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా అని ఆమె నన్నే దెప్పింది. ఆమెని ఒకసారి చేపల కత్తితో తరిమాను, అది మరిచిపోలేదు.

ఆ చేతి జోలికి పోవద్దు తల్లీ. ఆస్పత్రికి పోలీసులొస్తే, మెట్ల మీంచి పడిపోనాను అని చెప్పాడట. నేను చూడబోతే వాళ్ళమ్మ ఈశ్వరమ్మ జుట్టు పట్టి ఈడ్చి రెండు చెంపలూ వాయించింది. ఎదురు చెయ్యెత్తకుండా పడ్డాను. నీకు నమ్మకం కలగదు గానీ, అతను మంచం మీద కూర్చుని ఎడం చేత్తో ఫోన్‌లోనే నీకు రెండో విడత దరఖాస్తు పెట్టాడు. ఈపాలి సైన్సే మొదట పెట్టినాను పిన్నీ, ఎవులు సెప్పినా మార్సను అన్నాడు. జాబితా గురువారం వస్తుంది. అతను కేసు పెడితే నీ చదువు అక్కడితో సరి.

నీ మీద కోపం చల్లారని, నువ్వంటే ప్రాణమైన
అమ్మ,
కాసమ్మ.

తా.క.: ఇంత రాసి కూడా అసలు మాట రాయలేకపోయాను. దరఖాస్తు రోజు నీకు జ్వరం. నువ్వు రాసిచ్చిన కాగితం పట్టుకుని శ్యామసుందర్ కొట్టుకి నేనే వెళ్ళాను. అందులో మొదట సైన్స్ ఉంది. మొదటిది అమ్మోరికి ఒదిలీ, మా పిల్లకి కావల్సింది రెండోదాన్ల ఎయ్యి అన్నాను. కంప్యూటర్‌కి అమ్మోరు తెలీదు పిన్నీ, మొదటిది ఇచ్చీసి మిగతావి సూడదు అని అతను రెండుసార్లు చెప్పాడు. నేను వినక మొదట ఆర్ట్స్, రెండోది సైన్స్ పెట్టించాను. పైగా నీకు చెప్పనని గంగమ్మ మీద ఒట్టు వేయించుకున్నాను. ఆ ఒట్టు కోసమే అన్ని దెబ్బలూ తిన్నాడు. నోరు తెరిస్తే రాయి నా వైపు తిరుగుతుందని భయపడి నేను నిలబడి చూశాను.

ఆ రాయిని కడిగి మళ్ళీ గంపలోనే పెట్టాను. గురువారం రా. గేట్ బజార్‌కి మాత్రం వెళ్ళకు. నేను ఇంట్లోనే ఉంటాను.