విత్తనం మొలవకపోవడానికి నా దగ్గరున్న కారణాలు

జూన్ 18
కొత్త తీర్మానం! ఇకనుంచి తప్పు చేస్తే సాకులు చెప్పను. "తప్పు నాదే" అంటాను. రెండే మాటలు. ఎమ్మెస్సీ బాటనీ చదివినదాన్ని, ఇదేం కష్టం?

జూన్ 19
టిఫిన్‌కు చేసిన బొరుగుల ఉగ్గానిలో ఉప్పు రెండుసార్లు పడింది. "తప్పు నాదే" అన్నాను. నాయన నా నుదురు పట్టి చూశాడు. "ఒళ్లు బాగుండాదా పాపా?"
అద్భుతం! ఇంత సులువైన పనికి మనుషులు ఎందుకు భయపడతారో!

జూన్ 22
విత్తనం వేరుశనక్కాయలు ఒలిపించే పని నాకప్పగించి నాయన వజ్రకరూరు పోయాడు. చేత్తోనే ఒలవాలి. మిషన్‌కు వేస్తే గింజ ముక్కు విరిగి మొలవదు. కానీ రేపు తాడిపత్రిలో నా స్నేహితురాలు సమీనా నిశ్చితార్థం! మిషన్‌కే వేయించాను.
నాయన అడగలేదు. అడగనిది చెప్పకపోవడం తీర్మానం కిందికి రాదు.

జూన్ 27
వాన! విత్తాం. విత్తే గొర్రు వెనక గింజలు వదిలింది ఎప్పటిలాగే నల్లమ్మవ్వ. ఆమె చెయ్యి మంచిదని శింగనమల దాకా పిలుస్తారు. ఆమె బతుకుదెరువే అది.

జూలై 6
చేను చూశాను. సగం సాళ్లు బోడి. కారణాలు:
వాన చాల్లేదు.
చీమలు.
మిషనతను జల్లెడ సరిగ్గా పెట్టలేదు.
ఆ రోజు నాయన ఊళ్లో లేడు.
సమీనాకు ఇంకో రోజే దొరకలేదా?
పేజీ అయిపోయింది. నా పేరుకు చోటు లేదు.

జూలై 8
టీ అంగడి దగ్గర నాయన: "ఏం జేస్తామప్పా, ఈసారి నల్లమ్మ చెయ్యి కలిసిరాల్యా."
పక్క చేను తిప్పేస్వామి మామ: "అట్లనా! అయితే మేం వేరేటోళ్లను పిలుచుకుంటాంలే."
పాల పాకెట్టు పట్టుకుని నేనక్కడే ఉన్నాను. పెద్దల మాటల్లో తలదూర్చకూడదు. సంస్కారం!

జూలై 11
మళ్లీ వాన. ఊరంతా విత్తుతోంది. నల్లమ్మవ్వ మాత్రం గడపలో కూర్చుని ఉంది.
నాయనకు చెప్పేశాను! "మిషన్‌కు వేయించినా నాయనా."
నాయన తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "ఊరంతా నల్లమ్మ చెయ్యి అని చెప్పుకుంటిని గదా. ఇప్పుడు మొగం యాడ పెట్టుకునేది? అయినా వాన గూడ తక్కువే లే పాపా."
నా సాకులు ఎవరి పోలికో తెలిసింది. (చూశారా, ఇదీ నాయన మీదికే తోశాను.)

జూలై 12
నల్లమ్మవ్వకు చెప్పాను. మిషన్‌తో మొదలుపెట్టి, సమీనా మీదుగా నా దాకా వచ్చేసరికి ఆమె చాటలో బియ్యం ఏరడం అయిపోయింది.
"నా చెయ్యి సంగతి నాకు తెల్దా పాపా? నా చెవిలో చెప్తే నన్నెవురు పిలుస్తారు? చెప్పాల్సిన తావున చెప్పుపో!"

జూలై 13
కొత్త తీర్మానం! చెప్పాల్సిన తావుకే పోయి చెప్తాను. టిఫిన్ తిని పోదామనుకున్నాను. ఎండ తగ్గనీ అనుకున్నాను. తీర్మానం పుట్టీ పుట్టకముందే రెండు సాకులు! అందుకే ఇది టీ అంగడి బల్ల మీద కూర్చుని రాస్తున్నాను.
తిప్పేస్వామి మామ వచ్చాడు. ఇంకో నలుగురు. వెనకే నాయన.
మామ: "ఏం పాపా, పొద్దున్నే ఈడుండావు? ఏమన్నా పనా?"
నాయన కళ్లతోనే వద్దంటున్నాడు.
పెన్ను మూస్తున్నాను. రెండే మాటలు.