డెక్కుకు పూసిన మైనం

బావా,

రేపు ఆ పడవ ఎక్కకు. పక్కలకు మైనం నేనే పట్టించాను, ఉప్పునీటికి రంగు చెడకుండా అది ఉండాల్సిందే. కానీ మనుషులు నడిచే డెక్కుకు బుద్ధున్నవాడెవడూ పూయడు. డబ్బా మీద అదే రాసుందని ఓనరుకు చదివి వినిపించాను. "చుట్టాలొస్తున్నారు, అద్దంలా మెరవాలి. నీ పని నువ్వు చూసుకోరా" అన్నాడు. డబ్బా విసిరికొట్టి వచ్చేశాను. ఇంకొకడితో దట్టంగా పూయించాడు.

అంచున తాడు పట్టుకుని నిలబడేది నువ్వు. నీకు ఈత రాదని అక్కకు చెప్పేశాను, తిట్టుకుంటే తిట్టుకో.

ఇవాళ పొద్దున మంచు కురిసింది. షెడ్డులో ఉండే పిల్లి ఒడ్డున కట్టేసిన ఆ పడవ డెక్కు మీద రెండడుగులు వేసి, గోళ్లతో గీరుకుంటూ జారి నీళ్లలో పడింది. పిల్లి గనక ఈదుకుంటూ ఒడ్డెక్కింది.

నీ బావమరిది