పది వోల్టుల నేరం

గద్వాల,
9-11-2006

చిరంజీవి నవనీతకు నాయనమ్మ దీవెనలు. ఇక్కడ మేమందరం బాగున్నాం. నా కోపం ఇంకా బాగుంది.

మోకాలి నొప్పి ఎలా ఉందని అడిగావు. ఈ నెలలో బజారు దాకా రెండుసార్లు నడిచాను, అంతకన్నా చెప్పేదేమీ లేదు. "ఇలియాస్ తప్పు ఒప్పుకున్నాడా?" అని కూడా రాశావు. అట్లా రాయడానికి చెయ్యెట్లా వచ్చిందే నీకు?

దసరాకు వచ్చావు. మీ నాన్న శుభలేఖలు కొట్టే షాపులో, ఇలియాస్ తన దుకాణం నుంచి తెచ్చి బిగించిన కంప్యూటర్ మాటిమాటికీ ఆగిపోతోందని ఏదో సాఫ్ట్‌వేర్ పెట్టి చూశావు. పన్నెండు వోల్టులు ఉండాల్సిన చోట తెర మీద పది పాయింట్ రెండు అని పడింది. "ఇలియాస్ నకిలీ పవర్ సప్లై అంటగట్టిండు నాయనమ్మా" అని తీర్పు చెప్పి హైదరాబాద్ బస్సెక్కావు.

మూడో రోజు ఇలియాస్ కొత్తది తెచ్చి బిగించాడు. తెర మీద మళ్లీ అదే పది పాయింట్ రెండు! అప్పుడు మల్టీమీటర్ తీసి పసుపు తీగకూ నల్ల తీగకూ ఆనించాడు. పదకొండు పాయింట్ తొమ్మిది. పాతది పెట్టి చూసినా అంతే.

"నిజంగ పది వోల్టులే వస్తే హార్డ్ డిస్క్ సక్కగ తిరగదు టీచరమ్మా. ఆ సాఫ్ట్‌వేర్‌కు ఈ బోర్డు లెక్క తెల్వదు. అందాజ మీద అంకె ఏస్తది," అన్నాడు.

మరి ఎందుకు ఆగిపోతోందంటావా? పక్కింటి మగ్గాల నూలు పొట్టు లోపలి ఫ్యాన్‌కు చుట్టుకుని, వేడెక్కి ఆగుతోంది. మూత విప్పితే జానెడు చీర నేయడానికి సరిపోయేంత ఉంది. ఇంజనీరింగ్ చదువుతున్న దానివి, ఆ మూత ఒక్కసారి విప్పావా?

ఇక నీకు ఇన్నాళ్లూ రాయని మాట. నువ్వు వెళ్లిన మర్నాడే నేను ఇలియాస్ దుకాణానికి పోయి నలుగురి ముందూ "దొంగ" అన్నాను. ముప్పై ఏళ్లు సైన్సు చెప్పినదాన్ని. కొలిచాకే అంకె రాయాలని ఏడో తరగతిలో వాడికే చెవి మెలిపెట్టి నేర్పినదాన్ని. మీటరు వాడి బల్ల మీదే ఉంది. ఒకసారి పెట్టి చూపించరా అని అడగలేదు. ఆ నలుగురిలో ఒకాయన ఒక ప్రైవేటు స్కూలు హెడ్‌మాస్టరు. ఇరవై కంప్యూటర్ల మరమ్మతు పని ఇలియాస్‌కు ఇద్దామని వచ్చినాయన. ఆ వారమే కర్నూలు మనిషికి ఇచ్చేశాడు.

మొన్న ఆయన దగ్గరికి వెళ్లి తప్పు నాదేనని చెప్పాను. "మాట ఇచ్చేసినం మేడం. వచ్చే ఏడు చూద్దాం తియ్," అన్నాడు.

అట్నుంచి అటే దుకాణానికి వెళ్లి, తిట్టిన చోటే నిలబడి, అందరూ వినేలా నన్ను మన్నించమని ఇలియాస్‌ను అడిగాను. ఆదివారం నిన్నూ తీసుకొస్తానన్నాను.

"వద్దు టీచరమ్మా. సదువుకునే పిల్ల, నలుగుర్ల సిగ్గుపడ్తది. జర ఇడిసిపెట్టుండ్రి," అన్నాడు.

పని పోగొట్టుకున్నవాడు నీ పరువు గురించి ఆలోచిస్తున్నాడు! అందుకే నువ్వు రావాల్సిందే. పదింటికి దుకాణం తెరుస్తాడు. గిరాకీ నిండుగా ఉన్నప్పుడే వెళ్దాం.

ఇట్లు,
నీకంటే పెద్ద తప్పు చేసిన
నాయనమ్మ