గౌరి ఒళ్లో నా కోడి

మంగళవారం, చోడవరం

మొన్న పక్కింటి పుంజు నా ఎర్రకోడి నెత్తి మీద పొడిచి తురాయి చీల్చేసిందా, అప్పటి నుంచి నాకు మనశ్శాంతి లేదు. రక్తం చూస్తే మిగతా కోళ్లు కూడా పొడుస్తాయని, గాజుల కొట్టు మూసేసి మరీ పరిగెత్తుకొచ్చాను. పొద్దునా సాయంత్రం ఉప్పునీళ్లతో కడిగి, కొబ్బరినూనెలో పసుపు కలిపి రాస్తున్నాను. ఇప్పుడు నా అడుగుల చప్పుడు వింటే చాలు, అది కట్టెల వెనక్కి దూరిపోతోంది.

మా తోడికోడలు గౌరి మాత్రం హాయిగా అరుగు మీద కూర్చుని నూకలు చల్లుతుంది. అది వెళ్లి ఆమె ఒళ్లో కళ్లు మూసుకుంటుంది.

“ఏటక్కా, నీ కోడే నిన్ను సూసి పారిపోతంది!” అంది ఈ సాయంత్రం.

“ఉప్పునీల్లు మండుతాయి కదేటే. మందేసినోల్ని ఎవులు ఇష్టపడతారు?” అన్నాను నవ్వుతూనే. లోపల ఎంత కుళ్లుకున్నానో నాకే తెలుసు. దాన్ని పిల్లగా ఉన్నప్పటి నుంచి పెంచింది నేను!

అందుకే అడిగేశాను. “గౌరీ, నాకు కొట్టుకాడ లేటవుతంది. రేపట్నుంచి కడిగి పసుపు నువ్వు రాయి. నూకలు నాను జల్లుతాను.”

“దానికేటక్కా, రాస్తాను” అని వెంటనే ఒప్పేసుకుంది పిచ్చిది.

గాయమైతే ఆరుతోంది. దేవుడి దయ. కానీ రేపు ఉప్పునీళ్లు పోయించుకుని, నా నూకలు తినేసి, అది మళ్లీ గౌరి ఒళ్లోకే వెళ్లి కూర్చుంటే...