దీపం వేళ అడిగిన ప్రశ్న

చిరంజీవి సౌభాగ్యవతి తేజస్వినిని అమ్మ దీవించి రాస్తున్నది.

ఇక్కడ నేను, మీ నాయిన, రెండు బర్రెలు, మొన్న పుట్టిన దూడ అందరం బాగున్నాం. ఈ మాట ఆనవాయితీగా రాయడం లేదు బిడ్డా, నన్ను నేను అడిగి చూసుకుని రాస్తున్నాను. జనగామలో నువ్వు, అల్లుడు, మీ అత్తమ్మ కూడా అట్లాగే ఉన్నారనుకుంటున్నాను.

ఇన్నేళ్లకు పెన్ను ఎందుకు పట్టానంటే, ఫోన్‌లో నువ్వు "ఎట్లున్నవే అమ్మా" అనగానే నా నోరు దానంతటదే "బాగున్న" అనేస్తుంది. చేయి అంత తొందరపడదు. పైగా మీ ఇంట్లో ఫోన్ ఎప్పుడూ స్పీకర్‌లోనే ఉంటుంది.

మీ నాయిన సంచిలో నువ్వు పెట్టి పంపిన చిట్టీ చదివాను. కురవి వీరన్న గుడికి పోయి నీ పేరున కొబ్బరికాయ కొట్టాను. పుల్లమామిడి తినాలనిపిస్తే తిను, కారం మాత్రం తగ్గించు. ఇక చివర రాశావు చూడు, "తొలికాన్పు పుట్టింట్లనే అంటరు, నువ్వేమో పిలుస్తలేవు, నేనంటే ఇష్టం లేదా" అని. ఇష్టం లేక కాదు తల్లీ. నిన్నూ పసిపాపనూ సాకే శక్తి నాకుందో లేదో తెలియక. ఇప్పుడు తెలిసింది. ఆ సంతోషం పట్టలేకనే రాస్తున్నాను.

మోకాళ్ల నొప్పులని చెప్పి నెలనెలా మానుకోట దవాఖానకు పోతున్నాను కదా, నేను చూపించుకునేది మనసు డాక్టరుకు. నీ పెళ్లయ్యాక నాకు నిద్ర పట్టకుండా పోయింది, తర్వాత ఆకలి పోయింది. పూజలో కూర్చున్నా మనసు కదలని బండలా ఉండేది. మీ నాయినే తీసుకుపోయాడు.

డాక్టరమ్మ శోభారాణి నా ఫోన్‌లో యాప్ అట, ఒకటి ఎక్కించి ఇచ్చింది. అది రోజుకొకసారి మోగి అడుగుతుంది: నిద్ర పట్టిందా, అన్నం తిన్నావా, గోలీ వేసుకున్నావా, మనసెట్లా ఉంది అని. రాయనక్కరలేదు. ఏడుపు మొహం నుంచి నవ్వు మొహం దాకా బొమ్మలుంటాయి, ఒకటి నొక్కితే చాలు. నేను ఇంట్లో నొక్కింది అక్కడ ఆమె కంప్యూటర్‌లో గీతగా పడుతుందట. ఎంత వింతో చూడు.

మీ నాయిన "నాకంటె ఫోన్‌కే ఎక్కువ చెప్తున్నవ్" అని ఎత్తిపొడిచాడు. "అది రోజు అడుగుతది. నువ్వడిగినవా ఏనాడన్న?" అన్నాను. ఆ తెల్లారి నుంచి ఫోన్ మోగకముందే ఆయన అడుగుతున్నాడు.

మొదట్లో ఒక పొరపాటు జరిగింది. ఆ గంట సరిగ్గా పొద్దుగూకి నేను దీపం ముట్టించే వేళకు మోగేది. లక్ష్మి ఇంట్లోకి వచ్చే సమయాన బాగలేదన్న మాట మన ఇంట్లో ఎవరైనా అన్నారా? మీ నాయనమ్మ ఉప్పు అయిపోయిందని కూడా అననిచ్చేది కాదు. అందుకని రోజూ నవ్వు మొహమే నొక్కాను, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ కూడా. గీత బాగా ఉందని డాక్టరమ్మ గోలీ సగం చేసింది. మళ్లీ నిద్ర లేదు, మళ్లీ ఆ బండ. అప్పుడూ నవ్వు మొహమే.

తర్వాతి నెల పోతే ఆమె కంప్యూటర్ చూసి, నా వైపు చూసింది. "ఫోన్‌ల మస్తుగున్నవ్. మొఖం చూస్తె గట్ల లేదు. ఏంది కత, వజ్రమ్మా?"

"గది దీపం ముట్టించే యాల్లకు అడుగుతది మేడం. అప్పుడు బాగలేదని ఎట్లంట?"

ఆమె అద్దాలు తీసి నవ్వింది. "మా అమ్మ గూడ గంతే. పొద్దుమూకి జెరమొచ్చినా చెప్పది. పొద్దుగాల చాయ్ తాగినంక అడిగితె?"

"అప్పుడైతె ఉన్నదున్నట్టు చెప్త."

గోలీ మళ్లీ నిండుగా ఇచ్చింది, గంట పొద్దటికి మార్చింది. నిజం నొక్కితే గీత నేలకు పడింది, ఆ తర్వాత మెల్లగా లేచింది. మీ నాయిన మిర్చి చేనుకు కావలి పోయిన మర్నాడల్లా అది కిందికి వంగుతున్నదని కూడా బయటపడింది. నాకే తెలియని సంగతి అది! ఇప్పుడు ఆ రాత్రులు పక్కింటి ఓదెమ్మక్క తోడు పడుకుంటుంది.

మొన్న డాక్టరమ్మ కంప్యూటర్ నా వైపు తిప్పి చూపించింది. గీత తిన్నగా పోతున్నది బిడ్డా, మన కాలువ గట్టులా. నా మనసును కళ్లతో చూసుకోవడం అదే మొదలు. నీ సంగతి అడిగాను. "తోల్కరా బిడ్డను. గీత జారితె నాకు తెలుస్తది, నేనే ఫోన్ చేస్త" అన్నది. బస్సులో కుదురుగా కూర్చోలేకపోయాను. ఏడో నెలలో మంచిరోజు చూసుకుని నేనూ మీ నాయినా వస్తాం, బట్టలు సర్దుకో.

ఇన్నాళ్లూ నీకు చెప్పనిది ఒకటుంది. నువ్వు పుట్టినప్పుడు కూడా నాకు ఇట్లాగే అయింది. నువ్వు ఏడుస్తుంటే ఎత్తుకోవడానికి చేతులు లేచేవి కావు, నాకూ ఏడుపే. గాలి సోకిందన్నారు, గుడిలో నిద్ర చేయించారు. దేవుడు దయ చూశాడు, తేరుకున్నాను. అది జబ్బని, దానికి మందుందని ఈ మధ్యే డాక్టరమ్మ చెబితే తెలిసింది. మళ్లీ పసిపాప ఏడుపు వింటే ఏమవుతానో అన్న భయంతోనే నిన్ను పిలవలేదు.

ఈ కాగితాలు ఎవరికీ చూపకు, మీ అత్తమ్మకు చెప్పే రోజు నేనే చెబుతాను. కానీ పారేయకు, వచ్చేటప్పుడు వెంట తెచ్చుకో. కాన్పయ్యాక నీకూ నిద్ర రాక, ఊరికే ఏడుపొస్తే, నాతో చెప్పడానికి నోరు రాకపోతే, ఇవి తీసి నా చేతిలో పెట్టు. ఇంకేం చెప్పనక్కరలేదు.

ఇట్లు,
నీ రాక కోసం ఇల్లు అలుకుతున్న
అమ్మ