మిగిలిన విత్తు

తమ్ముడు సుందరయ్యకు ఉదయగిరి నుంచి అక్క దీవించి రాయడం.

ముందు పొయ్యి మీద ఏముందో చూడు నాయనా. నా బిడ్డ వెంగమ్మ దినానికి వచ్చి పోయేటప్పుడు నీ తుండుగుడ్డలో నేను మూటగట్టిన జొన్నలు వండొద్దు.

పురుగు పట్టకుండా గవర్నమెంటోళ్ళిచ్చిన పొడి కలిపి, విత్తగా మిగిలినవి అవి. విత్తు మిగిలితే గాదెలో పోయకూడదని మన ఆనవాయితీ గదా, అందుకే నా బిడ్డ గుగ్గిళ్ళు ఉడకేసింది. "పొడి పోయిందా?" అంటే, "నాలుగు నీళ్ళు కడిగినానమ్మా, ఇంకా ఏంది నీ భయం?" అని నవ్వింది. నాకు ఆ పూట ఉపవాసం, మీ బావ ఊళ్ళో లేడు, తనొక్కతే తినింది. తెల్లారేసరికి బిడ్డ వాంతులతో పోతే, కలరా అనుకున్నాము. నీకూ బాగా కడుక్కోమనే చెప్పినాను.

నిన్న మీ బావ ఆ పొడి డబ్బా ఆత్మకూరు డాక్టరుకు చూపించినాడు. అది విషమంట. కడిగినా పోదంట, ఉడికించినా పోదంట.

కోళ్ళకు కూడా వేయొద్దు. బావికి దూరంగా లోతుగా గుంట తీసి, ఆ గుడ్డతో సహా పూడ్చెయ్యి.

పిల్లలు బాగుండారని ఈ ఉత్తరం తెచ్చిన మనిషితోనే కబురు పంపు. అది వినేదాకా నా బిడ్డ కోసం ఏడవడం కూడా నాకు చేతకావడం లేదు.

అక్క