తొమ్మిదో నాంచారమ్మ

మచిలీపట్నం
1978 నవంబరు 19

అక్కా,

ఉప్పెన వచ్చి నేటికి ఏడాది. పోయినవాళ్ల పట్టీలో నీ పేరు లేదు. నువ్వు బతికే ఉన్నావని నిన్న తాలూకా ఆఫీసులో గుమాస్తా చెప్పాడు, అందుకే రాస్తున్నాను.

ఇళ్ల రిజిస్టరులో ఉండి, ఉప్పెన తర్వాత బియ్యం పంచిన రిజిస్టరులో లేనివాళ్లు పోయినట్టు లెక్క. అది సబబే. కానీ ఆ మహానుభావుడు రెండింటినీ పేరు పట్టి కలిపాడు. నాగాయలంక వైపు రాయి విసిరితే ఏదో ఒక నాంచారమ్మకి తగులుతుందని అతనికి తెలియదు.

"మీ అక్కగారు బియ్యం పట్టుకెళ్లారండీ," అన్నాడు.

"ఎన్నిసార్లు నాయనా?"

"ఎనిమిదిసార్లండీ. ఆశ ఎక్కువేమో అనుకున్నాను."

తాలూకా పుస్తకాలన్నీ తిరగేస్తూ మూడు నెలలు గడిపాడట. ముందు మీ ఊరి పేజీలు మాత్రం తీయించి, రెండు రిజిస్టర్లలోనూ ఉన్న ఇంటి నంబరు పట్టి చూడమన్నాను. పావుగంట పట్టింది. ఊళ్లో నాంచారమ్మలు తొమ్మిదిమంది. బియ్యం తీసుకున్నది ఎనిమిదిమంది. నీ ఇంటి నంబరుకి ఎదురుగా ఏమీ లేదు.

ఇక జరగవలసినవి:

1. ముందు ఇంటి నంబరు కలవాలి, ఆ తర్వాతే పేరు చూడాలి.
2. మిగతా ఊళ్లు కూడా ఒక్కొక్కటిగా ఇలాగే చూడాలి. ఈయన బతికించినవాళ్లు ఇంకెందరున్నారో.
3. రేపు నేను పక్కన కూర్చుని, నిన్ను పోయినవాళ్లలో రాయించాలి.